కాగితపు గుజ్జు నీరులా ఎందుకు పారదు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

కోనసీమ తీరంలోని సరుగుడు తోటల గురించి గత సంచికలో ప్రచురించిన వ్యాసంలో, కాగితపు యంత్రం మీదికి వచ్చేసరికి గుజ్జులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా నీరే ఉంటుందని ఒక వాక్యం రాశాం. తోటల మీదకంటే ఆ ఒక్క వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా గుజ్జు ప్రవాహానికే కేటాయించాం.

కడియం నుంచి ఒక నర్సరీ రైతు: నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నీరే అయినప్పుడు గుజ్జు నీటిలాగే పారాలి కదా? మిల్లులో పనిచేసే మా బంధువులు మాత్రం గుజ్జును పంపు చేయడం వేరే విద్య అంటారు. ఒక్క పాలు పీచు అంత తేడా ఎలా తెస్తుంది?

సమాధానం: బరువు లెక్కలో పీచు ఒక పాలే గాని, అది ఆక్రమించే చోటు లెక్కలో ఒక పాలు కాదు. వరదనీటిలో కలిసిన ఇసుక రేణువుకు తన పరిమాణమంత చోటు చాలు గనుక, ఒక శాతం ఇసుక ఉన్న నీరు దాదాపు నీటిలాగే పారుతుంది. కలప పోగు సంగతి అలా కాదు. సరుగుడు పోగు పొడవు సుమారు 0.8 మిల్లీమీటర్లయితే వెడల్పు 0.02 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అంటే పొడవు వెడల్పుకు నలభై, యాభై రెట్లు. ప్రవాహంలో పడిన పోగు దొర్లుతూ తిరుగుతూ పోతుంది కాబట్టి, తన పొడవే వ్యాసంగా గల గోళమంత చోటు దానికి కావాలి. ఆ గోళంలో మరో పోగు లేకపోతే అది స్వేచ్ఛగా తిరుగుతుంది. పది పదిహేను పోగులు ఉంటే ఒకదానికొకటి తగలకుండా ఏదీ కదలలేదు. పైగా తడిసిన పోగు ఉబ్బి, తన ఎండు బరువుకు సమానమైన నీటినో, అంతకంటే ఎక్కువ నీటినో తన గోడల్లోనే పట్టి ఉంచుకుంటుంది. ఆ నీరు పేరుకు నీరే అయినా పారే నీరు కాదు.

ఈ ఆలోచనను అంకెల్లోకి తెచ్చినవారు ప్రధానంగా కెనడా పరిశోధకులు. ఒక గోళంలో ఒకే పోగు ఉండే హద్దును 1950లలో మేసన్ గుర్తించారు. ఆ గోళంలో సగటున ఎన్ని పోగులున్నాయో చెప్పే ‘క్రౌడింగ్ నంబర్’ను కెరెక్స్, షెల్ అనే ఇద్దరు 1992లో ప్రతిపాదించారు. పోగుల ఘనపరిమాణ భాగాన్ని పొడవు, వెడల్పుల నిష్పత్తి వర్గంతో గుణించి, అందులో మూడింట రెండు వంతులు తీసుకుంటే ఆ సంఖ్య వస్తుంది. వర్గం అన్న మాటను గమనించాలి: పోగు పొడవు రెట్టింపయితే సంఖ్య నాలుగు రెట్లవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మన సరుగుడు పోగు 0.8 మిల్లీమీటర్ల పొడవు ఉండి, అలాంటి పోగులను వరసగా ఒక మీటరు పేర్చితే 0.1 మిల్లీగ్రాము తూగుతాయనుకుంటే, ఒక గ్రాము గుజ్జులో కోటికి పైగా పోగులుంటాయి. నూరు పాళ్లలో అర పాలు పీచు ఉన్న నీటిలో, అంటే యంత్రం మీదికి వెళ్లే పలుచటి గుజ్జులో, క్రౌడింగ్ నంబర్ 16 దగ్గర ఉంటుంది. శీతల దేశాల పైన్ పోగు 2.5 మిల్లీమీటర్లు ఉండి, మీటరుకు 0.16 మిల్లీగ్రాములు తూగితే, అదే అర పాలు గుజ్జులో ఆ సంఖ్య 100కు చేరువవుతుంది. కంటికి రెండూ ఒకేలా కనిపించే తెల్లటి నీళ్లే. ప్రవాహంలో మాత్రం రెండూ వేర్వేరు పదార్థాలు.

సంఖ్య 1 కంటే తక్కువైతే పోగులు అప్పుడప్పుడు మాత్రమే తగులుతాయి. 16 దగ్గర పోగుల అల్లిక మొదటిసారి తనంతట తాను నిలబడే స్థితికి వస్తుంది. 60 దగ్గర ఒక్కొక్క పోగుకు సగటున మూడు చోట్ల ఇతర పోగులు తగులుతాయి, అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఒకటి రెండు చోట్ల తగిలిన పోగు పక్కకు జారిపోగలదు. ఎదురెదురు వైపుల నుంచి మూడు చోట్ల తగిలిన పోగు వంగిపోయి బిగుసుకుంటుంది. వంగిన పోగు నిటారు కావాలని చూస్తుంది గనుక తగిలిన ప్రతి చోటా ఒత్తిడి, ఒత్తిడి ఉన్న ప్రతి చోటా ఘర్షణ పుట్టి, ఏ జిగురూ లేకుండానే పోగులు ఒకదానినొకటి పట్టుకుంటాయి. అందువల్ల గుజ్జును చిక్కబడిన నీరు అనుకోవడం పొరపాటు. అది నీటిలో మునిగి ఉన్న అల్లిక. ఆ అల్లిక నిలిచి ఉందా, చెదిరి ఉందా అన్నదే దాని ప్రవాహాన్ని నిర్ణయిస్తుంది. ఈ శీర్షికలోని మిగతా సమాధానాలన్నీ ఏదో ఒక రూపంలో ఇక్కడికే తిరిగి వస్తాయి.

రావులపాలెం నుంచి ఒక డిప్లొమా విద్యార్థి: గొట్టంలో వేగం పెరిగితే ఘర్షణ నష్టం పెరుగుతుందని చదువుకున్నాం. గుజ్జు విషయంలో వేగం పెరిగితే నష్టం తగ్గే చోటు ఒకటి ఉంటుందని, ఒక దశలో మంచినీటికంటే గుజ్జే తేలికగా పారుతుందని మా లెక్చరర్ గారు చెప్పారు. ఇది నిజమేనా? దయచేసి వివరించగలరు.

సమాధానం: రెండూ నిజమే. మీ లెక్చరర్ గారు చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు. నూటికి రెండు, మూడు పాళ్లు పీచు ఉన్న రసాయన గుజ్జును, అంటే కలపను రసాయనాలతో వండి తీసిన గుజ్జును, ఒక గొట్టంలో నెమ్మదిగా మొదలుపెట్టి క్రమంగా వేగం పెంచుతూ, ప్రతి వేగం దగ్గరా పీడన నష్టాన్ని కొలిచి గ్రాఫు గీస్తే, ఆ గీత నీటి గీతలా ఒకే వంపుతో పైకి పోదు. ముందు ఎక్కి, ఒక శిఖరాన్ని తాకి, కిందికి దిగి, మళ్లీ ఎక్కుతుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి గొట్టం అక్కర్లేదు. గుర్రపుడెక్క నిండిన డెల్టా కాలువను చూస్తే చాలు. ఆ మొక్కల తెప్ప మొత్తం ఒకే ముక్కగా కదులుతుంది. మధ్యలోని మొక్కకు, దాని పక్కనున్న మొక్కకు నడుమ ఏ జారుడూ ఉండదు. జారుడంతా గట్టు దగ్గరే. గొట్టంలో గుజ్జు కూడా మొదట అలాగే, అల్లిక చెదరకుండా, ఒక దిమ్మెలా కదులుతుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు ఆ దిమ్మె అంచు గొట్టం గోడకు ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడి వల్ల పీడన నష్టం నీటి నష్టానికి ఎన్నో రెట్లు ఉంటుంది. వేగం పెంచేకొద్దీ దిమ్మె అంచులోని పోగులు గోడ నుంచి లోపలికి నొక్కుకుని, గోడకూ దిమ్మెకూ మధ్య ఒక పలుచటి నీటి పొర ఏర్పడుతుంది. ఒరుసుకునేది ఇక పోగులు కాదు, నీరు. గ్రాఫులో గీత శిఖరం నుంచి కిందికి దిగేది ఇక్కడే.

మరికొంత వేగం పెంచితే ఆ నీటి పొరలో సుడులు పుడతాయి. ఆ సుడులు దిమ్మె అంచును కొరుకుతూ పోగులను విడదీస్తాయి. దిమ్మె పైనుంచి లోపలికి క్రమంగా సన్నబడుతుంది. ఈ దశలోనే గుజ్జు గీత నీటి గీతను దాటి దాని కిందికి వెళ్తుంది. సుడుల్లోకి చేరిన పోగులు వాటి చురుకును అణచివేస్తాయి. సుడుల్లో వృథా అయ్యే శక్తి తగ్గుతుంది గనుక అదే వేగానికి మంచినీటికంటే గుజ్జుకు తక్కువ పీడనం సరిపోతుంది. దిమ్మె పూర్తిగా చెదిరి అంతా సుడులమయం అయిన తరువాత కూడా ఈ లాభం కొంత నిలిచే ఉంటుంది. పోతపోసిన ఇనుప గొట్టాల్లో గుజ్జు ఘర్షణను కొలిచిన ఫారెస్ట్, గ్రియర్సన్ అనే ఇద్దరు దీన్ని 1931లోనే ప్రచురించారు. పలుచటి పాలిమర్ ద్రావణాల్లో ఇలాంటి ఫలితాన్నే చూపి టామ్స్ పేరు తెచ్చుకున్నది 1940ల చివర. అంటే ద్రవశాస్త్ర పాఠాల్లో టామ్స్ పేరుతో వినిపించే విచిత్రాన్ని కాగితం మిల్లుల గొట్టాలు అప్పటికే పదిహేనేళ్లకు పైగా చూస్తున్నాయన్నమాట.

అన్ని గుజ్జులకూ ఆ శిఖరం కనిపించదు. కలపను రాయికి అరగదీసి తీసిన యాంత్రిక గుజ్జులోను, బాగా పలుచటి గుజ్జులోను గీత సాధారణంగా శిఖరం లేకుండానే సాగుతుంది.

మీరు రేపు ఉద్యోగంలో చేరితే పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి. నీటి గొట్టాల్లో ‘అనుమానంగా ఉంటే ఒక సైజు పెద్ద గొట్టం వేసేయి’ అన్న అలవాటు ఉంది, అది నీటికి నప్పుతుంది. గుజ్జు గొట్టాన్ని పెద్దది చేస్తే వేగం పడిపోయి, ప్రవాహం శిఖరానికి ఎడమ వైపుకు, ఒరిపిడి దశలోకి, జారిపోవచ్చు. అప్పుడు ఆశించినంత పీడనం ఆదా కాకపోగా, వంపుల దగ్గర నీరు ముందుకు పోయి పీచు వెనకబడి గొట్టం మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే గుజ్జు గొట్టాలను సాధారణంగా సెకనుకు ఒకటి నుంచి మూడు మీటర్ల మధ్య వేగానికి లెక్కకడతారు. ఆ లెక్కకు మామూలు నీటి సూత్రాలు వాడకూడదు. గుజ్జు రకాన్ని బట్టి, పీచు శాతాన్ని బట్టి ప్రయోగాల ద్వారా తయారుచేసిన ప్రత్యేక సూత్రాలే వాడాలి.

కాకినాడ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని: మా ప్రయోగశాలలోని తిరిగే కడ్డీ విస్కోమీటరుతో గుజ్జు స్నిగ్ధతను (చిక్కదనాన్ని) కొలవబోతే ప్రతిసారీ వేరే అంకె వచ్చింది. పరికరం చెడిపోయిందా?

సమాధానం: పరికరం చెడిపోలేదు, అది మీరు అడిగిన ప్రశ్నకు కాక వేరే ప్రశ్నకు జవాబిస్తోంది. నున్నటి కడ్డీ గుజ్జులో తిరిగినప్పుడు, ముందు చెప్పిన నీటి పొరే కడ్డీ చుట్టూ ఏర్పడుతుంది. అల్లిక కదలకుండా నిలబడి ఉండగా కడ్డీ ఆ పలుచటి నీటిలో జారుతుంది. మీకు వచ్చిన అంకె చాలావరకు ఆ పొరది. పొర మందం ప్రతిసారీ మారుతుంది గనుక అంకె కూడా మారుతుంది. నున్నటి కడ్డీ బదులు రెక్కలున్న రోటరును, గోడకు పళ్లున్న పాత్రను వాడితే జారుడు తగ్గి, అల్లిక లోపలే తెగుతుంది. అప్పుడు కూడా మీరు కొలవవలసింది స్నిగ్ధత కాదు, అల్లిక తెగి కదలిక మొదలవడానికి కావలసిన కనీస ప్రతిబలం, అంటే ఈల్డ్ స్ట్రెస్. గుజ్జుకు ఒకే ఒక్క స్నిగ్ధత విలువ రాసి పంపే నివేదికను ఎవరిదైనా సరే అనుమానించవచ్చు.

రాజమహేంద్రవరం నుంచి మిల్లులో పనిచేసి విరమించిన ఒక పాఠకుడు: నేను పనిచేసిన చోట గుజ్జును నిలవ ఉంచే పెద్ద తొట్టిలో, అంటే స్టాక్ చెస్టులో, దాన్ని కలిపే అజిటేటరు రాత్రింబవళ్లు తిరిగేది. అయినా ఒక మూల గుజ్జు కదిలేదే కాదు. ఆ మూల ఎప్పుడైనా ఒక్కసారిగా తెగి వస్తే కాగితం బరువు గంటసేపు అటూ ఇటూ ఊగేది. మోటారు పెద్దది వేయమని మేము అడిగేవాళ్లం, పైవాళ్లు వినేవారు కాదు. మా అభిప్రాయం సరైనదేనా?

సమాధానం: మీరు చూసినది సరైనదే. మీరు అడిగిన మందు పాక్షికంగానే సరైనది.

చెస్టులో గుజ్జు నూటికి మూడు, నాలుగు పాళ్ల పీచుతో ఉంటుంది. ఆ స్థితిలో ఈల్డ్ స్ట్రెస్ కంటే తక్కువ ప్రతిబలం పడే చోట గుజ్జు కొంచెం కదిలి ఆగిపోవడం కాదు, అసలే కదలదు. అజిటేటరు రెక్కల దగ్గర ప్రతిబలం ఎక్కువ. దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. ఎక్కడైతే అది ఈల్డ్ స్ట్రెస్‌తో సమానమవుతుందో అక్కడ కదిలే గుజ్జుకూ నిలిచిన గుజ్జుకూ మధ్య ఒక హద్దు ఏర్పడుతుంది. ఇంజినీర్లు ఆ కదిలే భాగాన్ని గుహ అంటారు. బయటి నుంచి చూసేవారికి మోటారు తిరుగుతోంది, ఆంపియర్లు సరిగ్గానే ఉన్నాయి, గుజ్జు ఉపరితలం మీద సుళ్లు కూడా కనిపిస్తున్నాయి; అయినా చెస్టులో సగం గుహ బయటే ఉండవచ్చు. లోపలికి వచ్చిన గుజ్జు గుహలోంచి అడ్డదారిన నేరుగా బయటికి పోతుంది. అంటే కలిపి సమం చేయడానికి కట్టిన చెస్టు ఆ పని చేయడం మానేస్తుంది. మూలలో నిలిచిన గుజ్జు ఎప్పుడో విరిగిపడినప్పుడు మీరు చూసిన ఊగిసలాట పుడుతుంది.

ఇక పీచు శాతం సంగతి. ఈల్డ్ స్ట్రెస్ పీచు శాతంతో పాటు సమానంగా పెరగదు. కొలిచిన గుజ్జుల్లో చాలావాటికి అది శాతం మీద రెండు నుంచి మూడున్నర వరకు ఉండే ఘాతాంకంతో పెరుగుతుంది. రెండు పాళ్లున్న గుజ్జును నాలుగు పాళ్లు చేస్తే, దాన్ని కదిలించడానికి కావలసిన ప్రతిబలం రెట్టింపు కాదు, నాలుగు నుంచి పదకొండు రెట్లవుతుంది. మూడు పాళ్ల గుజ్జును మూడున్నర చేసినా తేడా తెలుస్తుంది. నా దృష్టిలో మీ మిల్లులో మొదట చూడవలసినది మోటారు కాదు, చెస్టులోకి వచ్చే గుజ్జు శాతం నిలకడగా ఉందా లేదా అన్నది. తరువాత చూడవలసినవి గుజ్జు లోపలికి వచ్చే గొట్టం, బయటికి పోయే గొట్టం ఎక్కడున్నాయి, మట్టం రెక్కలకంటే బాగా పైనే నిలుస్తోందా, మూలలకు వాలు కట్టారా అన్నవి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా గుహ చిన్నదే అయితే, అప్పుడు వేగం పెంచాలి లేదా రెక్క వ్యాసం పెంచాలి, దానికి తగ్గ మోటారు వేయాలి.

మరో చిన్న సంగతి. గుజ్జు శాతాన్ని చూపే ట్రాన్స్‌మిటర్లలో బ్లేడు రకానివి గుజ్జు తమ మీద చూపే కోత బలాన్ని కొలిచి, దాన్ని శాతంగా అనువదించి చూపుతాయి. కోత బలం శాతంతోనే కాక పోగు పొడవుతో కూడా మారుతుంది కదా. అందుచేత మీ కాలంలో గుజ్జు మిశ్రమంలో పొడవాటి పోగు పాలు పెంచినప్పుడు శాతం పెరిగినట్టు మీటరు చూపి, ఆపరేటరు నీళ్లు ఎక్కువ కలిపి, కాగితం పలుచబడిన సందర్భాలు మీరు చూసే ఉంటారు. ఆ రోజుల్లో తిట్లు తిన్నది ఆపరేటరే.

తణుకు నుంచి ఒక ఉపాధ్యాయిని: మా పిల్లలు నోటు పుస్తకం కాగితాన్ని కిటికీకి అడ్డం పెట్టి చూస్తే, అందులో మబ్బుల్లాంటి మచ్చలు కనబడ్డాయట. ఖరీదైన కాగితంలో తక్కువ, చవక కాగితంలో ఎక్కువ అన్నారు. వారికి ఏం చెప్పాలి?

సమాధానం: వారు కాగితం మిల్లుల్లో రోజూ చేసే పరీక్షనే చేశారని చెప్పండి. వెలుగుకు ఎదురుగా పెట్టి చూసినప్పుడు కనిపించే ఈ సమత్వాన్ని మిల్లుల్లో ఫార్మేషన్ అంటారు. మచ్చలో ముదురుగా ఉన్నచోట పీచు ఎక్కువ, లేతగా ఉన్నచోట తక్కువ. పోగులు నీటిలో ఉండగా కట్టుకున్న ఉండలే నీరు పోయాక కాగితంలో మచ్చలుగా మిగులుతాయి.

చెస్టు నుంచి వచ్చే చిక్కటి గుజ్జును యంత్రానికి ముందు, యంత్రం కిందికి కారిన నీటితోనే పలుచన చేస్తారు. ఆ నీటిని వైట్ వాటర్ అని, రెండింటినీ కలిపి యంత్రానికి పంపే పంపును ఫ్యాన్ పంప్ అని అంటారు. మూడు పాళ్లున్న పీచు అక్కడ అర పాలుకో, అంతకు కొంచెం పైకో దిగుతుంది. ఒక ఎ4 కాగితం బరువు దాదాపు ఐదు గ్రాములు. అర పాలు లెక్కన ఆ ఐదు గ్రాములను యంత్రంలో నీరు కారిపోయే జాలి మీదికి తేవడానికి ఒక లీటరు నీరు కావాలి. నీటిలో అధిక భాగం మళ్లీ మళ్లీ తిరుగుతుంది గనుక మిల్లు ప్రతి కాగితానికీ నది నుంచి లీటరు నీరు తోడుతుందని దీనికి అర్థం కాదు. ఇంత నీరు ఎందుకంటే పోగులు విడివడడానికే. అంత పలుచన చేసినా సరుగుడు గుజ్జు క్రౌడింగ్ నంబర్ 16 దగ్గరే ఉంటుందని ముందే చూశాం. అందువల్ల పలుచన ఒక్కటే చాలదు. గుజ్జును జాలి మీదికి ధారగా వదిలే హెడ్ బాక్స్‌లో, దాన్ని సన్నటి గొట్టాల వరసల్లోంచి పంపి, గొట్టం వెడల్పును ఒక్కసారిగా మార్చి, కావాలనే సుడులు పుట్టిస్తారు. ఆ సుడులు ఉండలను విడగొడతాయి.

విడగొట్టడం ఒక ఎత్తు, విడగొట్టినవి మళ్లీ కలవకముందే జాలి మీద పట్టుకోవడం మరో ఎత్తు. సుడులు చల్లారిన వెంటనే పోగులు మళ్లీ ఒకదానికొకటి తగిలి వంగి బిగుసుకుంటాయి; దానికి సెకనులో చిన్న భాగం చాలు. నిమిషానికి వెయ్యి మీటర్ల వేగంతో నడిచే యంత్రంలో గుజ్జు ధార హెడ్ బాక్స్ పెదవి నుంచి జాలిని తాకేలోపు పది సెంటీమీటర్ల దూరాన్ని సుమారు ఆరు మిల్లీసెకన్లలో దాటుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే ఫార్మేషన్ మంచిదా చెడ్డదా చాలావరకు తేలిపోతుంది. తరువాత జాలి మీద నీరు కారేటప్పుడు జాలిని పక్కలకు ఊపడం, ధార వేగానికీ జాలి వేగానికీ మధ్య కొద్దిపాటి తేడా ఉంచడం వంటివి కొంత మేలు చేస్తాయి. సన్నటి పీచు, పూరక ఖనిజాలు నీటితో పాటు కారిపోకుండా కలిపే రసాయనాలు మాత్రం ఇందుకు ఎదురుపని చేస్తాయి. అవి రేణువులను అంటించే గుణం వల్లే పనిచేస్తాయి గనుక మోతాదు మించితే పోగులను కూడా అంటించి మచ్చలు పెంచుతాయి. చవక కాగితంలో కనిపించే మచ్చలకు చెడ్డ పీచే కారణమని అనుకోనవసరం లేదు. యంత్రం మీద పొదుపు చేసినా మచ్చలు వస్తాయి.

పిల్లలతో ఒక ప్రయోగం చేయించండి. రాయని ఒక ఎ4 తెల్లకాగితాన్ని చించి, రాత్రంతా నానబెట్టి, మిక్సీలో కొద్ది నీటితో తిప్పి, మొత్తం ఒక లీటరుకు నింపండి. అది దాదాపు హెడ్ బాక్స్‌లోని శాతమే. గాజు పాత్రలో పోసి గిరగిరా తిప్పి వదిలేస్తే, నీరు ఆగకముందే ఉండలు కట్టడం కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే, గుజ్జు ఆగిన క్షణంలో కొద్దిగా వెనక్కి తిరగడం కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది. మంచినీరు ఎప్పుడూ అలా వెనక్కి తిరగదు. వంగిన పోగులు నిటారు కావాలని చూడడమే దానికి కారణం. తరువాత కదపకుండా ఉంచితే పైన తేటనీరు, కింద పీచు విడిపోతాయి. పైనీరు తెల్లగా మిగిలితే అది కాగితంలోని సుద్దపొడి వంటి పూరక ఖనిజం.

మలికిపురం నుంచి ఒక సరుగుడు రైతు: మా సరుగుడు కొనే మిల్లులే విదేశాల నుంచి పొడుగు పీచు గుజ్జు తెప్పించి కలుపుతాయని విన్నాం. అంటే మా కలప నాసిరకమా?

సమాధానం: కాదు. పొట్టి పోగు, పొడుగు పోగు చేసే పనులు వేరు. మొదటి సమాధానంలోని అంకెలను మళ్లీ చూస్తే, ఉండలు కట్టే విషయంలో మీ సరుగుడుదే పైచేయి అని తెలుస్తుంది. రాత కాగితానికి, అచ్చు కాగితానికి కావలసిన నునుపు, సమత్వం పొట్టి పోగుల నుంచే వస్తాయి. చిరుగుదలను తట్టుకునే శక్తి, యంత్రం మీద తడిగా ఉన్నప్పుడు తెగిపోకుండా ఉండే శక్తి పొడుగు పోగుల నుంచి వస్తాయి. అందుకే కాగితం రకాన్ని బట్టి కొంత పొడుగు పీచు కలుపుతారు. ఎక్కువ కలిపితే ఉండల బెడద పెరిగి ఇంకా పలుచన చేయవలసి వస్తుంది గనుక మిల్లువారికి కూడా ఎక్కువ కలపాలని ఉండదు.

రాజమహేంద్రవరం మిల్లు ఒకప్పుడు ఏజెన్సీ అడవుల వెదురు మీద ఎక్కువగా ఆధారపడేది. వెదురు పోగు సరుగుడు కంటే పొడవు, పైన్ కంటే పొట్టి. వెదురు నుంచి సరుగుడు, సుబాబుల్ వైపు మారినప్పుడు మారినది ముడిసరుకు ఒక్కటే కాదు. గుజ్జు కదిలే తీరు, నీరు కారే తీరు, కలపవలసిన పొడుగు పీచు పాలు కూడా మారుతాయి.

పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు: మా ప్రాంతంలో వరిగడ్డి చేలల్లోనే కాలిపోతోంది. దాన్ని గుజ్జు చేసి ఇదే యంత్రాల మీద కాగితం చేయవచ్చు కదా?

సమాధానం: చేయవచ్చు, చేసిన మిల్లులు కూడా ఉన్నాయి. వరిగడ్డి గుజ్జు గొట్టాల్లో పారడం పెద్ద సమస్య కాదు. జాలి మీద నీరు వదలడమే సమస్య. అందులో పోగులతో పాటు పోగు కాని చిన్న కణాలు చాలా ఉండి, పోగుల మధ్య సందులను పూడ్చివేస్తాయి. నీరు నెమ్మదిగా కారితే యంత్రాన్ని నెమ్మదిగా నడపాలి, అప్పుడు టన్నుకు ఖర్చు పెరుగుతుంది. ఇక వరిగడ్డిలో ఉండే సిలికా, వండిన తరువాత మిగిలే నల్లద్రవాన్ని మరిగించి రసాయనాలు తిరిగి రాబట్టే యంత్రాల్లో గట్టిపడి పేరుకుంటుంది. అడ్డంకి ఎక్కువగా అక్కడే.

కాకినాడ విద్యార్థిని రెండో ప్రశ్న: పది పాళ్ల పీచు ఉన్న గుజ్జును కూడా ఈ రోజుల్లో మామూలు సెంట్రిఫ్యూగల్ పంపు వంటిదానితోనే పంపుతారని చదివాను. మీరు చెప్పిన ఘాతాంకం ప్రకారం అది అసాధ్యం కావాలి కదా?

సమాధానం: చాలాకాలం అసాధ్యమనే అనుకున్నారు. పది పాళ్ల గుజ్జు చేతిలోకి తీసుకుంటే ముద్దగా నిలబడుతుంది, పాత్ర వంచినా కారదు. అందుకే దాన్ని బరువైన, నెమ్మదైన పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పంపులతో నెట్టేవారు. ఫిన్లాండ్‌కు చెందిన గుల్లిక్సెన్, హార్కొనెన్ 1981లో ప్రచురించిన కొలతలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. గుజ్జును తగినంత తీవ్రమైన కోతకు గురిచేస్తే అల్లిక మొత్తం చెదిరి, అంత చిక్కటి గుజ్జు కూడా సుడుల ప్రవాహంలోకి వెళ్లి, ఆ కాసేపు నీటిలాగే ప్రవర్తిస్తుందని వారు చూపారు. దీన్ని ఫ్లూయిడైజేషన్ అంటారు.

ఆ స్థితి శక్తి పడుతున్నంతసేపే ఉంటుంది, కోత ఆగగానే అల్లిక తిరిగి కట్టుకుంటుంది. కాబట్టి ఇలాంటి గుజ్జుకు వాడే మధ్యశాతపు పంపులో ఇంపెల్లర్‌కు (గుజ్జును నెట్టే రెక్కల చక్రానికి) ముందు, గుజ్జు లోపలికి వచ్చే నోట్లోనే, ఒక రోటరు తిరుగుతూ అక్కడికక్కడే అల్లికను చెదరగొడుతుంది. చెదిరిన గుజ్జును ఇంపెల్లర్ వెంటనే అందుకుంటుంది. గొట్టంలోకి వెళ్లాక అది మళ్లీ దిమ్మెగానే పోతుంది. చిక్కటి గుజ్జులో గాలి ఎక్కువగా చిక్కుకుని ఉంటుంది, సుడులు పుట్టగానే ఆ గాలి ఇంపెల్లర్ మధ్యకు చేరి పంపును ఆపేస్తుంది. అందుకని ఇంపెల్లర్ వెనక నుంచి వాక్యూమ్‌తో గాలిని లాగే ఏర్పాటు కూడా ఉంటుంది.

ఇంత తంటా ఎందుకంటే, బ్లీచింగ్ చేసేటప్పుడు గుజ్జును వేడి చేయాలి. మూడు పాళ్ల గుజ్జులో ఒక కిలో పీచుతో పాటు ముప్పై రెండు కిలోల నీటిని కూడా వేడి చేయవలసి వస్తుంది. పది పాళ్ల గుజ్జులో ఆ నీరు తొమ్మిది కిలోలే. ఆవిరి, రసాయనాలు, టవరు పరిమాణం, చివరికి వ్యర్థజలం అన్నీ ఆ మేరకు తగ్గుతాయి. రసాయనాలు కలిపే మిక్సర్లు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి, ఎందుకంటే అల్లిక చెదిరిన ఆ సెకను భాగంలో తప్ప ఆక్సిజన్ గాని, క్లోరిన్ డయాక్సైడ్ గాని ప్రతి పోగుకూ సమంగా అందవు.